గాలికి ఎదురు పెరిగిన మంచు

"మా తమ్ముడు ఒక్కడూ కూకుని అన్నం కూడా తినడమ్మా. అలాటోడు, మీరెల్లిపోండి, ఈ కొండ మీద నేనొక్కడినే ఉంటానన్నాడంట. నమ్మమంటారా?"

చంద్రకళ కుర్చీ అంచున కూర్చుంది. ఆ రైల్వే ఊరి ఖరిదా బజారులో ఆమెకు గాజుల కొట్టు ఉంది. పదిహేను రోజులుగా తీయలేదు.

శేషారత్నం మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపింది. పగిలిన పెట్టెను చూసి అది ఏ స్టేషన్లో, ఎవరి చేతిలో పగిలిందో తేల్చే ఉద్యోగం రైల్వే పార్సిల్ ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు చేసింది. ఇప్పుడు సొంతంగా పరిశోధనలు చేస్తోంది. సహాయకురాలు భవ్య పక్క బల్ల దగ్గర రాసుకుంటోంది. పలాస దగ్గర పల్లె నుంచి ఆ అమ్మాయి వచ్చి ఏడాదైంది. శేషారత్నం అడిగే ప్రశ్నల కన్నా, అడగకుండా ఊరుకునే తీరే భవ్యకు అద్భుతంగా తోచేది.

చంద్రకళ తమ్ముడు మురళీకి ప్రేమ్ బజార్లో జిరాక్స్ షాపు ఉండేది. అక్కడికి వచ్చే విద్యార్థులు సుహాస్, ప్రజ్ఞలతో కలిసి జనవరిలో దార్జిలింగ్ వైపు పన్నెండు వేల అడుగుల కొండ ఎక్కాడు. అంతకు ముందు మంచు చూసి ఎరగడు. పదిహేను రోజుల కిందటి సోమవారం వెతకడానికి వెళ్లినవాళ్లకు పైనున్న రేకుల గదిలో చనిపోయి కనిపించాడు. చీలమండ వాచి ఉంది. అతను ఉండిపోతానంటే తాము ముందే దిగొచ్చేశామని ఆ ఇద్దరూ చెప్పారు; తర్వాత ఒంటరిగా తిరుగుతూ పడి ఉంటాడని అందరూ అనుకున్నారు.

"అమ్మ నన్ను ఒకటే అడుగుతుంది. మనమంటే ఇసుగొచ్చి ఆడక్కడ ఉండిపోనాడా అని. ఏటి సెప్పను?"

ఆమె ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. విడిపోయేటప్పుడు తీశామని సుహాస్ వాట్సాప్‌లో పంపాడట. తేదీ తెలియదు. రేకుల గది ముందు పాతిన కర్రను మురళీ ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి ఎత్తాడు. కర్రకు ఒక పక్కనే వేలెడు పొడుగున తెల్లటి మంచు, పక్షి ఈకల్లా పొడుచుకుని ఉంది. ఎడమ బూటు తాడు వదులుగా వేలాడుతోంది. చూసినవన్నీ భవ్య రాసుకుంది.

మర్నాడు ప్రేమ్ బజార్ టీ బడ్డీ దగ్గర శేషారత్నానికి సుహాస్, ప్రజ్ఞ దొరికారు.

"కొండ దిగింది ఏ రోజు బాబూ?"

"శనివారం పొద్దున మేడమ్. ఆదివారం మంచు పడుతుందని ఫోర్‌కాస్ట్ ఉంది. గ్రూప్ లీడర్ని నేనే కదా, దిగిపోదామన్నాను. మంచు చూశాకే వస్తానని మురళీ మొండికేశాడు," అన్నాడు సుహాస్.

"అప్పుడు వాతావరణం ఎలాగుంది?"

"సూపర్! గురువారం నుంచి ఒక్క మబ్బు లేదు. పొడిగాలి, రాత్రంతా చుక్కలు. పొగమంచు పట్టింది శనివారం రాత్రే."

"ఈ ఫొటో?"

"దిగేముందు తీసిందే. టాటా చెప్తున్నాడు చూడండి."

ప్రజ్ఞ టీ తాగలేదు. గ్లాసు మీద మీగడ కట్టింది.

ఆఫీసుకు రాగానే శేషారత్నం ఆ కొండ కింది ఊళ్లో టీ కొట్టు నడిపే జెనీకి ఫోన్ చేసి హిందీలో చాలాసేపు మాట్లాడింది. తర్వాత భవ్య వైపు తిరిగింది.

"కర్ర మీద ఏటుంది?"

"మంచండీ."

"పడిన మంచయితే నెత్తి మీద కూసోవాల. పక్కకెందుకు పొడుసుకొచ్చింది?"

భవ్య తను రాసుకున్నది మళ్లీ చదివింది. ఆ సాయంత్రం మలంచా పేటలోని తన గదికి నడుస్తున్నంతసేపూ ఆ కర్రే కళ్ల ముందు ఉంది. వీధిలో అందరూ చలికి తలుపులు వేసుకున్నారు. తాళం తీసి లోపలికి వెళితే గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆమెకు తెలుసు. అలాంటి గదిలో, గాలి తప్ప పలికేది లేని చోట, ఆ మనిషి ఎన్ని గంటలు కూర్చున్నాడో!

ఆ వారం చివర, ఆదివారం మధ్యాహ్నం శేషారత్నం అందరినీ మురళీ షాపులోకి పిలిచింది. జిరాక్స్ మిషను మీద చంద్రకళ పాత చీర కప్పి ఉంచింది.

"కొండ మీద పొగమంచు గాలికి కొట్టుకొచ్చి సల్లటి కర్రకి తగిలితే, అక్కడే గడ్డ కడతాది," అంది శేషారత్నం. "గాలి ఎటునుంచి వస్తే అటే ఈకల్లాగ పెరుగుతాది. వేలెడు పెరగాలంటే రాత్రంతా పొగమంచు కావాల. చుక్కలున్న రాత్రి, పొడిగాలిలో ఒక్క ఈకా రాదు."

"పాత ఐస్ అయ్యుండొచ్చు కదా?" అన్నాడు సుహాస్.

"రెండ్రోజులు ఎండ కాస్తే రాలిపోతాదంట. ఎండ కాసిందని నువ్వే సెప్పినావు బాబూ. పొగమంచు పట్టింది శనివారం రాత్రని కూడా నువ్వే సెప్పినావు. అయితే ఈ ఫొటో ఆదివారం పొద్దున్నది. అప్పటికి మీ ముగ్గురూ పైనే ఉన్నారు."

శేషారత్నం ఫొటోలోని ఎడమ బూటు మీద వేలు పెట్టింది.

"ఆ సలిలో బూటు తాడు ఎవుడైనా ఇప్పుతాడా? కాలు వాసి బూటు పట్టనోడు ఇప్పుతాడు. అందుకే కర్ర వదల్లేదు. ఆడు పడింది మీరెల్లిపోయాక కాదు, మీరుండగానే. శనివారం దిగకుండా ఆపిందెవరు?"

"సుహాసే," అంది ప్రజ్ఞ. "మంచు పడితే చూసి వెళ్దామన్నాడు. శనివారం సాయంత్రం మురళీ అన్న కాలు మెలికపడింది. పొద్దున పొగ విడగానే, మనుషుల్ని తీసుకురండి, గది గుర్తు కోసం ఫొటో తీసుకోండి అన్నది అన్నే. చెయ్యెత్తి దారి చూపిస్తున్నాడు. మేం దిగేసరికి చీకటి పడింది, మంచు మొదలైంది. ఇప్పుడు చెప్పినా ఎవరూ పైకెళ్లరు, పొద్దున చెబుదాం, శనివారమే దిగామందాం అన్నాడు సుహాస్. నేను... ఊరుకున్నాను."

"నా వల్లే ఉండిపోయామని తెలిస్తే నన్ను కాలేజీలోంచి పంపేస్తారనుకున్నా," అన్నాడు సుహాస్ తల ఎత్తకుండా.

"ఎవరూ ఎల్లరని నువ్వే అనీసుకున్నావు. జెనీని అడిగినాను. కబురొచ్చుంటే ఆ రాత్రే లాంతర్లట్టుకుని ఎల్లుందుమంది. పదండి. ఈ మాట ఠాణాలో సెప్పాల, ఇద్దరూ."

చంద్రకళ ప్రజ్ఞ వైపు చూసింది.

"మీరొత్తారనే అనుకున్నాడా ఆడు?"

"అనుకున్నాడు అక్కా. సాయంత్రానికల్లా నలుగురిని తెస్తామంటే, వాళ్లకీ మా ఇద్దరికీ టీ పెట్టి ఉంచుతానన్నాడు. వెతకడానికి వెళ్లినవాళ్లు చెప్పారు, స్టవ్ పక్కన గ్లాసులు వరసగా పెట్టి ఉన్నాయట. ఆరు."

చంద్రకళ లేచింది. "ఆడు కావాలని ఉండిపోలేదు. అమ్మకి సెప్పాల," అంది.

ఆమె ఏడుస్తుందనుకుని భవ్య వెనకే బయటికి నడిచింది. చంద్రకళ ఏడవలేదు. ఆదివారం బజారు జనంలోంచి, ఎవరో తను వస్తేగానీ అన్నం తినక కూర్చుని ఉన్నట్టు, గబగబా ఖరిదా వైపు నడిచిపోయింది.