కాసేపు ఇటివ్వమ్మా

చంటిపిల్లతో విమానం ఎక్కడమంటే ఏమిటో టీచరమ్మకు ముందే తెలుసు. తెలుసనే అనుకుంది. ఇద్దరు పిల్లల్ని వేసుకుని నాలుగుసార్లు విమానమెక్కిన అక్క ఫోన్లో గంటసేపు చెబితే, నోటు పుస్తకంలో అంకెలు వేసి మరీ రాసుకుంది. ముందు వరుసలో గోడకెదురు సీటు అడగాలి, అక్కడైతే గోడకు తొట్టి తగిలిస్తారు. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పట్టాలి, చెవులు నొప్పెట్టవు. పిల్లకి మూడు జతల బట్టలు, తల్లికి ఒక జత. పిల్ల కక్కితే తల్లి మీదే కదా కక్కేది.

అంతటితో ఊరుకుంటే ఆవిడ లెక్కల టీచరు ఎందుకవుతుంది? చుట్టుపక్కల కూర్చునేవాళ్ళ కోసం పన్నెండు కాగితం పొట్లాలు కట్టింది. ఒక్కో పొట్లంలో రెండు చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి రెండు దూది ఉండలు, ఒక చీటీ. "నాకు తొమ్మిది నెలలు. ఇదే నా మొదటి ప్రయాణం. ఏడిస్తే ఏమీ అనుకోకండి." చంటిది రాసినట్టే ఉంది గానీ, అక్షరాలు మాత్రం నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా ఉన్నాయి.

విమానం కదలకముందే పొట్లాలన్నీ పంచేసింది. తీసుకున్నవాళ్ళు మురిసిపోయారు. నడవకు అవతల ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న పెద్దమనిషి అయితే, "ఎంత ముందుచూపమ్మా మీకు," అన్నాడు. టీచరమ్మకు ఒళ్ళు పొంగింది. వంతెన పని మీద దూరదేశంలో ఉన్న మొగుడు, చంటిది మూడు నెలల పిల్లప్పుడు చూసి వెళ్ళాడు. ఈ సాయంత్రానికి పిల్లని అతని చేతుల్లో పెట్టాలి. ఏడుపూ గొడవా లేకుండా, నవ్వుతూ. ఆమె కోరిందల్లా అంతే.

రెండు గంటలు అనుకున్నట్టే గడిచాయి. భోజనాలయ్యాక కిటికీ తెరలు దించమన్నారు, దీపాలు ఆర్పేశారు. బయట మిట్టమధ్యాహ్నం, లోపల చిమ్మచీకటి. వేడిచేసిన అన్నం వాసన, కాఫీ వాసన, అందరూ విప్పేసిన బూట్ల వాసన కలిసి చల్లగాలిలో నిలిచిపోయాయి. ఇంజను హోరు తప్ప వేరే చప్పుడు లేదు.

అప్పుడు లేచింది చంటిది.

మామూలు ఏడుపు కాదు. గుక్కపట్టి, మొహం కందగడ్డలా చేసుకుని, వెన్ను విల్లులా వంచి ఏడ్చింది. పాలు పట్టబోతే తోసేసింది. టీచరమ్మ గుడ్డ మార్చింది, భుజాన వేసుకుని తట్టింది, పాట పాడింది, నోటు పుస్తకంలోని అంకెలన్నీ అయిపోయాయి. ఏడుపు మాత్రం తరగలేదు. నలభై మంది పిల్లల్ని కనుసైగతో కూర్చోబెట్టే మనిషి, జానెడు పిల్ల ముందు చేతులెత్తేసింది.

మొదట దూది ఉండలు బయటికొచ్చాయి. తర్వాత నిట్టూర్పులు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ పెద్దమనిషి, ఆమె వైపు తిరక్కుండానే, "చాక్లెట్లు పంచితే సరిపోతుందా? పిల్లని ఊరుకోబెట్టడం కూడా నేర్చుకోవాలి," అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. సిగ్గేసినప్పుడు భూమిలోకి కుంగిపోవాలనిపిస్తుంది ఎవరికైనా. ఆ భూమి కూడా ఆమెకు ముప్పై వేల అడుగుల కింద ఉంది. పిల్లని ఎత్తుకుని, ఎవరి కళ్ళలోకీ చూడకుండా, నడవ వెంట వెనక్కి నడిచింది. వరుస తర్వాత వరుస తలలు తిరిగాయి. చీకట్లో మొహాలు కనబడకపోయినా చూపులు తెలుస్తూనే ఉన్నాయి. "ఊరుకోవే... నీకు దణ్ణం పెడతాను, ఊరుకోవే..." అని పిల్ల చెవిలో అంటోంది. ఒక్క క్షణం... ఒక్క క్షణమే... ఈ పిల్ల నాది కాకపోతే ఎంత బావుండును అనుకుంది. అనుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడింది.

విమానం చివర, బాత్రూముల ముందు, మందపాటి తెర ఒకటి వేలాడుతోంది. ఆ తెర పక్కన ఒకావిడ నిలబడి ఉంది.

బూడిదరంగు శాలువా కప్పుకుంది. వయసు తెలియడం లేదు. దగ్గరికి వెళ్ళేసరికి సరిగ్గా ఆరని గుడ్డల ముక్కవాసన వచ్చింది. ఆవిడ అరచేతిలో రెండు దూది ఉండలున్నాయి.

"ఇవి నాకక్కర్లేదమ్మా," అంది గుసగుసగా. "నాకు ఏడుపు వినాలనే ఉంటుంది."

వెనక వరుసల వాళ్ళకి పొట్లాలు అందనే లేదని టీచరమ్మకు అప్పుడు తోచలేదు. ఇంత ఏడుపులో ఒక మనిషి మెత్తగా మాట్లాడటమే గొప్పగా అనిపించింది.

"క్షమించండి... ఎంత చేసినా ఊరుకోవడం లేదు..."

"అలిసిపోయావు. కాసేపు ఇటివ్వమ్మా."

"వద్దులెండి... మీకెందుకు శ్రమ..."

"అందరూ చూస్తున్నారు," అంది ఆవిడ.

టీచరమ్మ వెనక్కి చూసింది. నిజమే. నడవ పొడుగునా తలలు బయటికొచ్చి ఇటే చూస్తున్నాయి. పేరు అడగలేదు. ఏ సీటని అడగలేదు. చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి.

ఆవిడ చేతులు తగిలాయి. చల్లగా ఉన్నాయి.

ఏడుపు ఆగింది. తగ్గుతూ తగ్గుతూ కాదు. కుళాయి కట్టేసినట్టు ఆగింది.

ఆ నిమిషంలో టీచరమ్మకు కలిగింది భయం కాదు, హాయి. అదే ఆమెను తర్వాతి రోజుల్లో నిద్రపోనివ్వని సంగతి. పిల్ల వైపు చూడను కూడా చూడలేదు. "రెండు నిమిషాల్లో వచ్చి తీసుకుంటానండీ," అని ఖాళీ చేతులతో తిరిగి నడిచింది. దారిలో ఎవరో, "హమ్మయ్య," అన్నారు. సీట్లో కూలబడింది. కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి దీపాలు వెలుగుతున్నాయి.

గంట దాటింది. విమానం దిగడానికి సిద్ధమవుతోంది. లేవబోయి... ఆగిపోయింది. ఎదురుగా తొట్టిలో చంటిది ఉంది. నీటుగా దుప్పటి చుట్టి ఉంది. నిద్రపోవడం లేదు. కళ్ళు తెరిచి ఆమెనే చూస్తోంది.

ఎయిర్‌హోస్టెస్ వచ్చి, "పాపని ఒళ్ళో పెట్టుకోండి మేడం, తొట్టి తీసేయాలి," అంది.

"పాపని ఎవరు తెచ్చి పడుకోబెట్టారమ్మా?" గొంతు తగ్గించి అడిగింది టీచరమ్మ.

"నేను చూసేసరికే తొట్టిలో ఉంది మేడం. మీరే పడుకోబెట్టారనుకున్నాను."

"వెనక ఒకావిడ ఉన్నారే... శాలువా కప్పుకుని..."

"వెనక నాలుగు వరుసలూ ఖాళీ మేడం. అటు ఎవరూ లేరు." ఆ అమ్మాయి నొసలు ముడిపడింది. "ఎందుకు, ఏమైంది?"

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ ఏమని? తొమ్మిది నెలల పిల్లని పేరైనా అడక్కుండా ఎవరి చేతుల్లోనో పెట్టి, వచ్చి గుర్రుపెట్టి నిద్రపోయానని చెప్పాలి. నడవకు అవతల ల్యాప్‌టాప్ మూసుకుని పెద్దమనిషి వింటున్నాడు.

"ఏం లేదమ్మా. కలొచ్చింది," అంది.

పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. అదే మొహం, అదే జుట్టు, అవే బట్టలు. వేళ్ళు లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి. ఒళ్ళు మాత్రం కొంచెం చల్లగా తగిలింది. ఏసీ వల్లేలే అనుకుంది. దిగేటప్పుడు చెవులు నొప్పెడతాయని రొమ్ము అందించింది. పిల్ల నోరు తెరవలేదు. తల తిప్పుకోలేదు, ఏడవలేదు. పెదాలు బిగించుకుని అలా చూస్తూనే ఉంది. పాలూ చేపుకు రాలేదు. తొమ్మిది నెలల్లో ఎప్పుడూ అలా కాలేదు.

నేల తాకాక పెద్దమనిషి లేచి నిలబడి, "ఇందాక ఏదో నోరు జారానమ్మా, మనసులో పెట్టుకోకండి. పిల్ల బంగారం. కిక్కురుమనలేదు," అన్నాడు. వెనక వరుస వాళ్ళు కూడా వంగి చూసి నవ్వారు. టీచరమ్మ నవ్వింది. లోపల ఎక్కడో మళ్ళీ ఒళ్ళు పొంగింది కూడా. తనమీద తనకే అసహ్యం వేసింది.

సామాన్ల బెల్టు దగ్గర నిలబడి ఉండగా మొగుడు ఫోన్ చేశాడు. బయట అద్దం తలుపుల అవతలే ఉన్నాడట.

"దారిలో ఏడిచి చంపిందా?" అన్నాడు నవ్వుతూ.

"లేదండీ. అస్సలు ఏడవలేదు."

"నా పోలికే. తొందరగా రా, ఎత్తుకోవాలని చేతులు పీకేస్తున్నాయి."

ఫోన్ పెట్టేసింది. బెల్టు కదిలింది. గోడ కంతకు వేలాడే రబ్బరు పట్టీల కిందినుంచి ఒకటీ అరా పెట్టెలు బయటికొస్తున్నాయి. పట్టీల వెనక చీకటి.

ఆ చీకట్లోంచి ఏడుపు వినబడింది.

సన్నగా... దూరంగా... గుక్కపట్టి...

టీచరమ్మ ఒళ్ళు ఝల్లుమంది. రొమ్ములు ఒక్కసారి బిగుసుకున్నాయి. పాలు చేపాయి. జాకెట్టు తడిసింది. ఇక ఏ లెక్కా చూసుకోనక్కర్లేదు. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలుసు. చేతుల్లో ఉన్నది మాత్రం కదలకుండా, రెప్ప వేయకుండా ఆమె మొహంలోకి చూస్తోంది.

చుట్టూ జనం తలలు తిప్పారు. ఏడుపు పెద్దదవుతోంది. ఎవరో విసుక్కున్నారు. ల్యాప్‌టాప్ పెద్దమనిషి తన పెట్టె దించుకుంటూ ఆమె వైపు చూశాడు.

"ఎవరి పిల్లో, గుండెలవిసేలా ఏడుస్తోంది," అన్నాడు. "మీ పాప కాదు కదమ్మా?"

అందరూ ఆమెనే చూస్తున్నారు. తడిసిన జాకెట్టు కనబడకుండా చేతుల్లోని దాన్ని గుండెకు అదుముకుంది. ఒక్క మాట చెబితే చాలు... పరుగెత్తి ఆ పట్టీల్లో దూరితే చాలు...

"కాదండీ," అంది. "మా పాప ఇదిగో."

రబ్బరు పట్టీల వెనక, ఆ మాట విన్నట్టే, ఏడుపు ఆగిపోయింది.