ఎక్కుతూ పడిన బండి

కొండ మీది ఆ ఊళ్ళో ఆమెని అందరూ వ్యానమ్మ అనే పిలిచేవారు. ఏళ్ళ తరబడి కొండకీ కింద పట్నానికీ మధ్య వ్యాను తిప్పే మనిషిని ఇంకేమని పిలుస్తారు? బండి మొదట ఆమె భర్తది. కిడ్నీలు పాడై ఆయన పక్కకి జరిగాక ఆ సీట్లోకి ఆమె వచ్చింది. వెనక సీట్లు పీకించి, ఆయన పడుకోడానికి చెక్కబల్ల ఒకటి బిగించింది. ఎండ కొట్టకుండా పాత పువ్వుల దుప్పటి చించి కిటికీకి తెర కుట్టింది. డయాలిసిస్ రోజున ఆయన్ని అలా పడుకోబెట్టి కొండ దింపేది. ఆయన వెనక నుంచే, "గేరు మార్చు, ఇంజను ఏడుస్తోంది, వినపడట్లేదా," అంటూ పాఠాలు చెప్పేవాడు.

"మీరు నోరు మూసుకుంటే వినపడుతుంది," అనేది ఆమె.

ఆ సాయంత్రం వ్యాను మేస్త్రి షెడ్డులో జాకీల మీద నిలబడి ఉంది. కింద ఇనప తట్టలో, నల్లటి నూనెలో, విరిగిన పళ్ళచక్రాల ముక్కలు తేలుతున్నాయి.

"గేరుబాక్సు పూర్తిగా పోయిందమ్మా," అన్నాడు మేస్త్రి చేతులు తుడుచుకుంటూ. "దీన్ని అతికించే మొనగాడు ఇంకా పుట్టలేదు."

"కొత్తది?"

"ఈ మోడలు చేసినవాళ్ళే దీన్ని మర్చిపోయారు. ఎక్కడైనా పాతది దొరకాలి. దొరికితే తెల్లారేలోపు ఎక్కించేస్తాను. దొరక్కపోతే..."

ఆ మాట ఆమెకి చెప్పక్కర్లేదు. బండి ఆగిపోవడంతో మొన్నటి విడత తప్పింది. ఆయన కాళ్ళు స్తంభాల్లా ఉబ్బాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదని కుర్చీలోనే కూర్చుని నిద్రపోతున్నాడు. రేపటిది కూడా తప్పితే ఎల్లుండి అనేది ఉండదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా వానలకి ఘాట్ రోడ్డు ఒకచోట సగం కోసుకుపోయింది. బస్సుల్నీ అంబులెన్సునీ ఆపేశారు. చిన్న బళ్ళని వదులుతున్నారు కానీ, ఊళ్ళో ఉన్న రెండు టాక్సీలూ కింద పట్నంలోనే చిక్కుకుపోయాయి. ఆటోలవాళ్ళ కాళ్ళు కూడా పట్టుకుంది. ఆ ఏటవాలులో మా బ్రేకులు ఆగవమ్మా అన్నారు.

ఇంక మిగిలింది ఊరి చివర పాత బళ్ళ యార్డు ఒక్కటే.

యార్డు తాత కళ్ళజోడు పైకి తోసి ఆమెని ఎగాదిగా చూశాడు. "ఆ మోడలా. ఉండాలే," అన్నాడు. "ఎక్కడుందో గుర్తు రావట్లేదు కానీ, ఉంది."

"ఉంటే చాలు తాతా. ఎలా ఉన్నా తీసుకుంటాను."

"అంత తొందరపడి ఎవరూ కొనరమ్మా ఇక్కడ," అంటూ టార్చి తీశాడు.

రేకుల షెడ్డు సొరంగంలా పొడుగ్గా ఉంది. బయట ఇంకా వెలుగుంది కానీ లోపలికి నాలుగడుగులు వేసేసరికి చీకటి పడిపోయింది. తడి తుప్పు వాసన. మాడిన నూనె వాసన. రెండువైపులా బోనెట్లు లేని కార్లు పళ్ళూడిన నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. పైన ఎక్కడో రేకు చిల్లులోంచి నీటిబొట్టు ఒకటి ఉండుండి పడుతోంది. తాత చెప్పుల చప్పుడు, ఆమె చెప్పుల చప్పుడు, ఆ బొట్టు. వేరే అలికిడి లేదు.

చిట్టచివరి మూలలో ఒక వ్యాను ఉంది. ముందు వైపు పైకప్పు సీటు దాకా నొక్కుకుపోయింది. ముందు అద్దం లేదు. నంబరు పలకలు లేవు. దాని పక్కన, నేల మీద, టార్పాలిన్ కింద గేరుబాక్సు.

"ఈ బండిదే," అన్నాడు తాత. "లోయలో పడిన బండి. గేరు పెట్టెకి మాత్రం గీత పడలేదు. అదృష్టం చూడండి."

"ఎప్పుడు పడింది?"

"మొన్నో, నిన్నో..." తాత తల గోక్కున్నాడు. "వయసు మీద పడ్డాక అన్ని రోజులూ ఒకేలా ఉంటాయమ్మా."

ఆమె ఆ మాట వినలేదు. టార్చి వెలుగు వ్యాను కిటికీ మీద పడింది. కిటికీకి తెర ఉంది.

పువ్వుల దుప్పటి తెర. సగం దాకా నీలం దారంతో కుట్టి, దారం అయిపోతే మిగతా సగం తెల్లదారంతో కుట్టిన తెర.

ఆమె మొదట భయపడలేదు. గుర్తుచేసుకోడానికి ప్రయత్నించింది. ఈ మధ్య ఆమెకి మరుపు ఎక్కువైంది. పొయ్యి కట్టేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వస్తోంది. దుప్పటిలో మిగిలిన ముక్క ఎవరికైనా ఇచ్చిందేమో. ఇచ్చి మర్చిపోయిందేమో. తెర కుట్టిపెట్టమని ఎవరైనా అడిగితే కుట్టిందేమో... ఒక్కొక్క జ్ఞాపకాన్నీ తడుముకుంటూ లోపలికి తొంగిచూసింది. గేరు కడ్డీ చివర, అసలు పిడి పోతే ఆయన బిగించిన బీరువా తలుపు పిడి. ఇత్తడిది. ఒక పక్క అరిగిపోయి ఉంది, ఆమె బొటనవేలు ఆనే చోట.

వాళ్ళ బండి మేస్త్రి షెడ్డులో ఉంది. ఇప్పుడే కదా అక్కణ్ణుంచి వచ్చింది.

ఆమె చేతిలో ఫోను మోగింది. ఆయనే.

"దొరికిందా?" మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"దొరికింది," అంది.

"కళ్ళు మూసుకుని తెచ్చెయ్యకు. ముందు ఏ గేరులో ఉందో చూడు. పడిన బండి ఆఖర్న ఏం చేస్తోందో పెట్టె చెబుతుంది. తాతని ఇంజను వైపు షాఫ్టు తిప్పమను. నువ్వు అవతలి చివర పట్టుకో."

తాత తిప్పాడు. ఆమె వంగి రెండో చివర అరచెయ్యి ఆనించింది. ఇనుము చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉంది. తాత ఒక చుట్టు తిప్పాడు, ఇంకోటి, ఇంకోటి... అక్కడ నాలుగు చుట్లు తిరిగితే ఇక్కడ ఒకటి తిరిగింది.

"నాలుక్కి ఒకటి."

"మొదటి గేరు. అంటే కొండ ఎక్కుతూ పడ్డాడన్నమాట." ఆయన నవ్వబోయి దగ్గాడు. "దిగేటప్పుడు పడినవాళ్ళని చూశాను. ఎక్కేటప్పుడు ఎవడే పడేది? నిద్రపోయాడేమో. పళ్ళచక్రాల మోత ఉందా?"

"లేదు. మెత్తగా ఉంది."

"అయితే తెచ్చెయ్. నేను... కొంచెం..." ఫోను ఆగిపోయింది.

ఫోను ఆగింది కానీ ఆయాసం ఆగలేదు.

ఆమె ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసింది. ఫోను తెర నల్లగా ఉంది. ఆ ఊపిరి వ్యానులోంచి వస్తోంది. లోపలికి పీల్చేటప్పుడు చిన్న ఈల. వదిలేటప్పుడు నీళ్ళ గురగుర. రాత్రంతా ఆమె పక్కన కూర్చుని వింటున్న ఊపిరే. పువ్వుల తెర మెల్లగా లోపలికి వెళ్తోంది... బయటికి వస్తోంది... లోపలికి...

"తాతా," అంది గుసగుసగా. "లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎలకలమ్మా," అన్నాడు తాత. కానీ టార్చి అటు తిప్పలేదు.

ఆమె పారిపోవాలి. ఎవరైనా పారిపోతారు. కానీ వట్టి చేతులతో ఎక్కడికి పారిపోతుంది? ఇంట్లో కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గరికా? తాత చేతిలోంచి టార్చి లాక్కుని చెయ్యి చాచింది. తెర పక్కకి లాగింది.

ఊపిరి ఆగిపోయింది.

చెక్కబల్ల ఉంది. బల్ల మీద బూడిదరంగు రగ్గు ఉంది. రగ్గులో మనిషి పడుకుని లేచిన గుంట ఉంది. అందులో చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. వేళ్ళకి ఏదో అంటుకుంది. టార్చి వెలుగులోకి తెచ్చి చూసింది. దూది ఉండ. అడ్డంగా నిలువుగా అంటించిన పట్టీ. మధ్యలో రక్తపు చుక్క, ఇంకా ఎర్రగా.

మిషను మీంచి దింపి, సూదులు తీసేశాక నర్సు వేసే దూది అది. వెళ్ళేటప్పుడు చేతికి ఉండదు. తిరిగి వచ్చేటప్పుడే ఉంటుంది.

ఆమె ఆ దూదిని పట్టుకుని అలాగే నిలబడింది. లోపల భయం ఉన్న చోటే ఇంకేదో మొలిచింది. లెక్క లాంటిది. మొదటి గేరు. కొండ ఎక్కుతూ. చేతికి దూది. అంటే వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదు. ఆస్పత్రికి చేరారు. ఆయనకి మిషను పెట్టారు. రక్తం శుభ్రమైంది. ఏమైనా అయింది ఆ తర్వాతే.

మరి తిరిగి రాకపోతే?

కింద పట్నంలో ఆమె చెల్లెలు ఉంది. అక్కడే ఉండిపోవచ్చు. బండిని ఆస్పత్రి గోడ పక్కనే వదిలేసి తుప్పు పట్టనివ్వొచ్చు. ఇది దింపుడుకళ్ళం ఆశ అని ఆమెకి తెలుసు. తెలిసే పట్టుకుంది.

"తీసుకుంటారా?" అన్నాడు తాత.

"తీసుకుంటాను."

తాత తలూపాడు. "అందరూ అలాగే అంటారు," అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ.

మేస్త్రి రాత్రంతా కష్టపడ్డాడు. కష్టపడ్డానని తనే అన్నాడు కానీ, నిజానికి పెట్టె దానంతట అదే ఎక్కేసిందట. "ఒక్క బోల్టు కూడా మొరాయించలేదమ్మా. పుట్టింటికొచ్చిన పిల్లలా కూర్చుంది," అన్నాడు సంబరంగా. ఆమె నవ్వలేకపోయింది.

తెల్లవారుతుండగా ఆయన్ని బల్ల మీద దిండ్లకి ఆనించి కూర్చోబెట్టింది. మంచు పట్టేసి రోడ్డు అరకొరగా కనిపిస్తోంది. రెండో గేరులో దింపింది. కోసుకుపోయిన చోట రోడ్డు ఒక బండి వెడల్పే మిగిలింది. పక్కన గోడ లేదు. చూడకూడదనుకుంటూనే కిందకి చూసింది. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. బండి వెన్నలా దాటేసింది.

"మంచి పెట్టె దొరికిందే," అన్నాడు ఆయన వెనక నుంచి.

"ఇవాళ చెల్లెలింట్లో ఉండిపోదాం."

"వాడి మాటలు వినేకన్నా ఆ మిషను మీద ఇంకో పూట పడుకోవడం నయం." ఆమె చెల్లెలి మొగుడి గురించి ఆయన అభిప్రాయం ఎప్పుడూ అదే.

"ఉందాం అన్నాను. ఈ ఒక్కసారికి నా మాట వినండి."

ఆ గొంతులో ఏం విన్నాడో, ఆయన సరేనన్నాడు.

ఆస్పత్రిలో పై అంతస్తులో మిషను పెట్టారు. ఆమె బండిని వెనక గోడ పక్కన నిలబెట్టింది. చక్రాలకి ముందొక రాయి, వెనకొక రాయి పెట్టింది. తాళంచెవి పిడికిట్లో బిగించుకుని ఆయన మంచం పక్కన కూర్చుంది. గంటలు గడిచేకొద్దీ ఆయన ఊపిరిలో ఈల తగ్గింది. గురగుర తగ్గింది. మొహంలోకి రంగు వచ్చింది. మధ్యాహ్నం దాటాక నర్సు సూదులు తీసి, దూది పెట్టి, అడ్డంగా నిలువుగా పట్టీ వేసింది. అది చూసి ఆమె కళ్ళు మూసుకుంది. అయిపోయింది. బతికించుకుంది. ఇంక ఆ బండి ఎక్కకపోతే చాలు.

"బండిలోంచి బట్టల సంచి తెచ్చి, ఆటో పిలుస్తాను," అంది. "కదలకండి."

"ఎక్కడికి కదుల్తాను, నువ్వు లేకుండా," అన్నాడు ఆయన మగతగా.

బయట సన్నగా వాన పడుతోంది. వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. రెండు రాళ్ళున్నాయి. రాళ్ళ మధ్య పొడిగా ఉన్న నేల ఉంది. బండి లేదు.

కాపలాదారు గొడుగు కింద నుంచి ఆశ్చర్యంగా చూశాడు. "ఏమైనా మర్చిపోయారామ్మా? అప్పుడే వచ్చేశారు?"

"మా బండి..."

"మీరే కదా తోలుకెళ్ళారు, ఇందాక. సారుని బల్ల మీదకి ఎక్కించింది నేనే."

ఆమె పిడికిలి విప్పి చూసుకుంది. తాళంచెవి అరచేతిలో గుచ్చుకుని గుర్తు పడి ఉంది. మెట్ల వైపు పరిగెత్తింది. ఒక్కో అంతస్తూ ఎక్కుతూ లోపల్లోపలే మొక్కుకుంది... పడుకుని ఉండాలి. అక్కడే పడుకుని ఉండాలి.

మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. నర్సు లేదు. మిషను ఆపేసి ఉంది.

ఆయనకి ఫోను చేసింది. చాలాసేపు మోగింది. ఎత్తారు. ముందు వినిపించింది ఇంజను. మొదటి గేరులో మూలుగుతూ, ఏటవాలు ఎక్కుతున్న ఇంజను.

"ఎవరండీ?" అన్నాడు ఆయన. గొంతు హాయిగా ఉంది. ఆయాసం లేదు.

"నేనండీ. నేనే. బండి ఆపమనండి. దిగిపోండి, మీ కాళ్ళు పట్టుకుంటాను..."

ఆయన ఫోను కొంచెం పక్కకి జరిపినట్టున్నాడు. ముందు సీటు వైపు తిరిగి అంటున్నాడు.

"ఏమే, నీ నంబరు నుంచే ఎవరో చేస్తున్నారు. ఏడుస్తోంది పాపం. బండి ఆపమంటోంది."

దానికి జవాబుగా ఆమె గొంతే వినిపించింది. తొందర లేని, అలసిపోయిన గొంతు.

"పెట్టేయండి. నిన్న కూడా ఇలాగే చేసింది."