మూడు ఫిర్యాదుల బటన్

"మీ టూలు నాకొద్దండీ!"

స్కూలు కంప్యూటర్ గదిలో చరిత్ర టీచరు అతనితో అన్న మొదటి మాట అదే.

పిల్లల ఆన్‌లైన్ చర్చలను అదుపులో పెట్టే టూలును తయారుచేసిన పొడుగబ్బాయి బిత్తరపోయాడు. టీచర్లను కలుపుకుని పని పూర్తి చేయమని కంపెనీ పంపితే వచ్చాడు. టూలు చూసి ఆమె తూలిపోతుందనుకుంటే, తూలింది తానే. ఆమెకు కోపం కూడా కాటుకలాగే కళ్లకు నప్పింది మరి.

"ఎందుకొద్దు మేడమ్? ఎవరైనా విసిగిస్తే తోటి పిల్లలే ఫిర్యాదు బటన్ నొక్కుతారు. మూడు ఫిర్యాదులు పడితే ఆ పోస్టు దానంతటదే మాయం. మీకు పని తగ్గుతుంది."

"తగ్గింది! మీ టూలును ముందు మా క్లాసులోనే పెట్టి చూశారుగా, అక్కడ ఒక ప్రశ్నల పిల్ల ఉంది. రాజు గెలిచాడంటే, ఓడినవాళ్లు ఏమయ్యారని అడిగేది. గడుగ్గాయిలు నలుగురు కూడబలుక్కుని మీ బటన్ నొక్కారు. దాని ప్రశ్నలన్నీ మాయం. నేనే తీసేశాననుకుని రాయడమే మానేసింది. బోలెడు పని తగ్గించారు!"

ఆ మూడు ఫిర్యాదుల ఆలోచన అచ్చంగా అతనిదే. శుక్రవారం ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకుంటే స్కూలంతా అదే నడుస్తుంది.

"మరి మీరైతే ఏం చేస్తారు?"

"చెబితే అర్థం కాదు. రేపొచ్చి వెనక బెంచీలో కూర్చోండి. మోకాళ్లు పడితే."

కూర్చున్నాడు. మోకాళ్లు పట్టలేదు. బయట వాన హోరు, లోపల పిల్లల హోరు. ఒకడు పక్కవాణ్ణి వెక్కిరించాడు. ఆమె అరవలేదు, పాఠం ఆపలేదు. చెబుతూనే నడిచొచ్చి ఆ బెంచీ పక్కన నిలబడింది. వెక్కిరించినవాడు తగ్గాడు. తల వంచుకున్నవాడు మెల్లగా తలెత్తాడు.

తాను రాసిన కోడ్ మొత్తంలో ఇలా పక్కన నిలబడే మనిషి ఎక్కడా లేదని అతనికి అప్పుడు తట్టింది.

శుక్రవారం అతని బాస్ ప్రిన్సిపాల్‌గారితో, "అంతా రెడీ సార్" అన్నాడు.

"రెడీ కాదు సార్," అన్నాడు పొడుగబ్బాయి. డెమో కాస్తా 'ఏమో' అయిపోయింది. "పొరపాటు నాదే. నలుగురు కలిస్తే దీంతో ఒకరి నోరు నొక్కేయొచ్చు. ఫిర్యాదు ముందు టీచరుకు వెళ్లాలి. ఉంచాలో తీయాలో, పిల్లల్ని పిలిచి విడిగా మాట్లాడాలో టీచరే తేల్చాలి. ఒక్క నెల ఇవ్వండి, ఈ మేడమ్‌తో కూర్చుని చేస్తాను."

బాస్ చూపులోనే ఉద్యోగం ఊడేలా ఉంది. ప్రిన్సిపాల్‌గారు మాత్రం కళ్లజోడు తుడుచుకుని, "తీసుకోండి" అన్నారు.

ఆ నెలంతా సాయంత్రాలు ఇద్దరికీ వాదనలే.

"ఈ బటన్ ఇంత మూలకెందుకు?"

"మీ వేలికి కాస్త వ్యాయామమని."

ఈలోగా ఆమె ప్రశ్నల పిల్లను పిలిచి, అవి తీసింది తాను కాదని చెప్పింది. కొత్త టూలు మొదలైన రోజు తెర మీద ఆ పిల్ల మాట కనిపించింది: 'మేడమ్, ఒక డౌటు.'

ఇద్దరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు.

"పనైపోయింది," అన్నాడతను నేలచూపులు చూస్తూ. "రేపట్నుంచి రావడానికి సాకు కూడా లేదు."

"రోజూ సాయంత్రం ఎవరితోనే అంతసేపు అని మా అమ్మ అడుగుతోంది. ఆదివారం వచ్చి మీరే చెప్పండి."

"ఏమని చెప్పను?"

"అది కూడా టీచరే చెప్పాలా?"

అతను తలెత్తి చూశాడు.

"మీతో జన్మంతా పోట్లాడాలనుంది... అని చెబుతాను."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి గానీ గొంతు తగ్గలేదు.

"సరే. మా అమ్మ ఎప్పుడూ నా పక్షమే, ముందే చెబుతున్నా!"