పావని ఫర్నేస్‌కి కర్పూరం

నిడదవోలు బజార్లో పూజసామాను కొట్టు సుమంత్‌ది. వారం వారం అరకిలో హారతి కర్పూరం కొనుక్కెళ్ళే అమ్మాయి మీద అతనికి గురి కుదిరింది. ఆ అమ్మాయికి ఏ దేవుడి మీద అంత గురో మాత్రం తేలలేదు. ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాడు.

"ఇంత కర్పూరం ఏ గుడికండీ?"

"నానోట్యూబులకండి," అంది పావని, నవ్వు ఆపుకుంటూ.

రోజూ రైల్లో రాజమండ్రి వెళ్ళి పీహెచ్‌డీ చేస్తోందట. వెంట్రుక కంటే వేల రెట్లు సన్నటి కార్బన్ గొట్టాలట అవి. కొందరు గ్రాఫైట్ కడ్డీల మధ్య కరెంటు మెరిపించి, కొందరు లేజర్‌తో కాల్చి చేస్తారట. తను మాత్రం కర్పూరాన్ని ఆవిరి చేసి ఫర్నేస్‌లోకి పంపుతుందట, ఆ వేడికి ఇనుప రేణువుల మీద కార్బన్ గొట్టాలుగా పెరుగుతుందట. సుమంత్‌కి సగమే అర్థమైంది. మిగతా సగం సేపూ ఆమె చేతులు తిప్పడమే చూస్తూ ఉండిపోయాడు.

కర్పూరం నూరి నూరి అరచేతులు కాయలు కాచాయని ఆమె అన్న మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. తర్వాతిసారి డబ్బా తీసి మిక్సీలో మెత్తగా పొడి కొట్టి ఇచ్చాడు. కర్పూరం హరించకుండా డబ్బాలో గుప్పెడు బియ్యం వెయ్యడం వాళ్ళ నాయనమ్మ నాటి అలవాటు. అవి కూడా కలిసి నలిగిపోయాయని పాపం అతనికి తట్టనే లేదు.

వారం తిరక్కుండా, ఒక పొద్దున స్టేషన్‌కి పోతూ పావని ముఖం వేలాడేసుకుని కొట్టు ముందు ఆగింది. గొట్టాల బదులు మాడు మిగిలిందట. కర్పూరం పొడిలోకి పిండి ఎలా వచ్చిందని అడిగితే చెప్పలేకపోయిందట. గైడ్ జగన్నాథరావు గారు శ్రద్ధ లేదని కోప్పడి, ఫర్నేస్ ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారట. అదే జరిగితే ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే.

డబ్బాలోని బియ్యం సుమంత్‌కి అప్పుడు గుర్తొచ్చాయి. అయినా, రైలుకి వేళవుతోందని మాత్రం అన్నాడు. ఆమె వెళ్ళాక కొట్టు మూసేసి, తర్వాతి రైలెక్కి ల్యాబ్‌కి పోయాడు.

"తప్పు నాదండి, ఆవిడకేం తెలీదు," అని జగన్నాథరావు గారికి బియ్యం సంగతంతా చెప్పేశాడు.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "అందరికీ ఇలాగే పొడి కొట్టిస్తావా బాబూ?"

"లేదండి. ఈవిడకొక్కరికే."

పక్కనే ఉన్న పావని చెవులు ఎర్రబడ్డాయి. జగన్నాథరావు గారు ఒకసారి దగ్గి, మళ్ళీ ఫర్నేస్ వెలిగించుకోమని ఆమెకు చెప్పి బయటికి వెళ్ళిపోయారు.

"పొద్దున నాకు చెప్పడానికి రాని ధైర్యం సార్ ముందెలా వచ్చిందండీ?" అంది పావని.

"మీకు చెబితే ఇక మా కొట్టుకి రారేమోనని భయం వేసిందండి. చెప్పకపోతే మీ చదువు పోతుంది. మీరు రాకపోయినా ఫర్వాలేదనుకున్నాను."

పావని కళ్ళు చెమర్చాయి.

"ఆదివారం మా నాన్నగారు ఇంట్లోనే ఉంటారు," అంది. "మీ అమ్మగారిని తీసుకుని రండి."