పసుపు పట్టీ డ్రమ్ము

ధన్! రాజ్‌దూత్ బండి గోతిలో పడి లేచింది.

దేవదాస్ వీపులో తుపాకీ గొట్టం కసుక్కున గుచ్చుకుంది.

"ఆపినవో... కాల్చేస్త!" వెనక కూర్చున్న రాజమల్లు అరుస్తున్నాడు. నక్సలైట్ దళం మనిషి.

"ఆపనన్నా! ఆరైతే షిఫ్ట్ దిగుతరు. అందరు నీళ్లు తాగుతరు. నా చెల్లె లీల గూడ!"

దేవదాస్ యాక్సిలరేటర్ మెలితిప్పాడు. సాయంత్రం ఐదున్నర. సిరిసిల్ల ఇంకా పన్నెండు కిలోమీటర్లు!

ఇందాక కోనరావుపేట దగ్గర దళం అన్నలు అతన్ని ఆపారు. పొట్టి జుట్టు, నల్ల బూట్లు చూసి పోలీసోడనుకున్నారు. నేవీ అంటే ఎవడు నమ్ముతాడు? నిజం తేల్చుకు రమ్మని రాజమల్లును వెనక ఎక్కించారు.

"మళ్ల చెప్పు. ఏం డ్రమ్ములవి?"

"విషమన్నా! గసొంటి సరుకేసుకొని మన సముద్రం పక్కపొంటి పోయే ఓడల మీద కన్నేసుడే మా డ్యూటీ. ఒకదాని ఎంబడి మూడు రోజులు వడ్డం. వానల మా కండ్లు గప్పి డ్రమ్ములు సముద్రంల పారేసిండ్రు. జాలర్లకు దొరికినయ్... తుక్కోళ్లకు అమ్మిండ్రు!"

ఆ రాత్రి రాడార్ ముందు కూర్చున్నది తనే. కునుకు తీసిందీ తనే!

ఈ మధ్యాహ్నం సెలవు మీద ఇంటికి వస్తుంటే కోరుట్ల తుక్కు దుకాణంలో అదే నీలం డ్రమ్ము, అదే పసుపు పట్టీ. ఇంకొకటి సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల షెడ్డుకు, తాగేనీళ్లు నింపడానికి పోయిందట. లీల పనిచేసే షెడ్డు! ఫోన్ చేద్దామంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజే లేదు. మొన్ననే పేల్చేశారు. డ్రమ్ము సంగతి, ఫోన్ సంగతి రాజమల్లుకు అరిచి చెప్పాడు.

"పేల్చింది మేమే..." రాజమల్లు గొంతు తగ్గింది. నీళ్ల సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు. దగ్గాడు. "అబద్ధమైతే మాత్రం నిన్నిడువ!"

ఆరుకు రెండు నిమిషాలు!

షెడ్డులో నలభై సాంచాలు. చెవులు పగిలే చప్పుడు.

"లీలా!"

ఎవరికీ వినిపించలేదు.

మూలన డ్రమ్ము. నీలం. పసుపు పట్టీ!

అన్నను చూసి లీల మొహం వెలిగిపోయింది. ఎంత దూరం నుంచి వచ్చాడో ఏమో... పరుగున పోయి చెంబు ముంచి ఎదురొచ్చింది.

దేవదాస్ చెంబును ఒక్క దెబ్బ కొట్టాడు. ఎగిరిపడింది.

ఢాం!

రాజమల్లు తుపాకీ. డ్రమ్ముకు చిల్లు! సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"తాగినవా చెల్లే?"

"లే అన్నా! ఎవ్వలం ముట్టలే. ఇయ్యాల్నే నింపిండ్రు."

దేవదాస్ నేల మీద కూలబడి ఏడ్చేశాడు.

లీల తుపాకీ వైపు బెదురుగా చూసింది. "అన్నలకు పంపినంకనే గదా మేం తాగుడు. పగటీలి దీంట్లకెళ్లి మొదటి క్యాన్ కోనరావుపేట దళానికే పంపినం..."

రాజమల్లు చేతిలో సీసా పైకి లేచింది. సగం ఖాళీ.

మొహమంతా చెమట. తుపాకీ జారి కింద పడింది.

"అన్నా..." దేవదాస్‌ను అలా పిలవడం అదే మొదటిసారి. "ఆడ మా దళంల పదకొండు మందున్నరు. జల్ది బండి తియ్యి!"