మూడో మలుపు దగ్గర పిలుపు

మూడో మలుపు దగ్గర పిలిచే దెయ్యాన్ని పుట్టించింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరి ముందూ నోరు విప్పి అనలేదు.

సముద్రం పాయ లోపలికి చొచ్చుకొచ్చే మడ అడవిలో నేను గైడ్‌ని. చీకట్లో అక్కడి నీళ్లు కదిలిస్తే నీలంగా మెరుస్తాయి. అది చూడ్డానికే జనం వస్తారు. మెరుపు పది నిమిషాలు, తిరుగు ప్రయాణం గంట. ఆ గంట గడవాలని ఒక కథ అల్లాను. మూడో మలుపులో మునిగిపోయిన ఒకామె వెనక నుంచి పిలుస్తుందనీ... పలికితే మనమూ నీళ్లలోకి దిగాల్సిందేననీ.

ఆర్నెల్లు తిరక్కముందే మా పడవ బాబాయ్, "మా తాతక్కూడా వినబడిందే అమ్మాయ్" అనడం మొదలెట్టాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

ఆ రాత్రి పదకొండు మంది వచ్చారు. అందులో ఒక్కావిడే ఒంటరి — రిటైరైన నర్సు. మలుపు దగ్గర చెక్కల వంతెన మీద అందర్నీ దించి, మెరుపు చూపించి, మళ్లీ ఎక్కమన్నాను.

"సరిపోయారా?" అన్నాడు బాబాయ్.

టార్చి వేసి లెక్కపెట్టాను. పదకొండు.

పడవ కదిలింది. కథ ఎత్తుకున్నాను. ఇంకా సగం కూడా కాలేదు —

"ఆగండమ్మా..."

వెనక నుంచి. సన్నగా... ఆడగొంతు.

అందరూ బిగుసుకుపోయారు. కొత్త పెళ్లికొడుకొకడు మాత్రం, "దీనికి జీతమెంతిస్తారండీ?" అని గుసగుసలాడాడు. పెళ్లాం వాడి తొడ గిల్లింది.

"నేనిక్కడే ఉన్నా... ఆగండి..."

"పలక్కు. వెనక్కి చూడకు," అంటూ బాబాయ్ మోటారు వేగం పెంచాడు.

దెయ్యం లేదని ఆ పడవలో తెలిసింది నాకొక్కదానికే. అయినా... నా మెడ తిరగలేదు.

రేవులో లైఫ్ జాకెట్లు వెనక్కి తీసుకుంటే పదే వచ్చాయి. పదకొండో తల నాదే. నన్ను కూడా కలిపి లెక్కపెట్టుకున్నాను.

తిరిగి వెళ్లేసరికి సముద్రపు పోటు నీరు వంతెన ఎక్కేసింది. నర్సమ్మ కమ్మీని వాటేసుకుని, మెడదాకా నీళ్లలో ఉంది. వణికినప్పుడల్లా చుట్టూ నీలంగా వెలుగుతోంది.

పైకి లాగాక ఒక్కటే అడిగింది. "పిలిచాను కదా... వినబడలేదా?"

"లేదమ్మా," అన్నాను. ఏడుపు రాలేదు. భయమూ లేదు. చేతులు వాటంతటవే ఆమెకి తువ్వాలు కప్పాయి.

పడవలో వాళ్లందరూ దెయ్యం పిలుపు విన్నామనే చెప్పారు. ఆవిడే మతి తప్పి ఎటో నడిచి వెళ్లిందని మా ఓనరు రాసిపెట్టుకున్నాడు.

నిన్న ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ ఇంకా మీరంతా విన్నారనే అంటోందండీ. ఒంటరిగా గుమ్మం దాటనివ్వడం లేదు మేము. ఎవరూ వినలేదని మీరొక్కసారి చెబితే... మందులు వేసుకుంటుంది." ఆవిడ నంబరు కూడా ఇచ్చాడు.

"చెప్తానండీ," అన్నాను. అదీ మామూలుగానే అన్నాను.

ఇది రాస్తుంటే తెల్లారిపోయింది. ఆవిడ నంబరు నా ఎదురుగా ఉంది. చేస్తాను. ఇప్పుడే. మీరు పిలిచారమ్మా, నేను విన్నాను, అని చెప్తాను.