అన్నిట్లోనూ ఒకే చోట

హారను మాస్టారు నిద్ర లేచాడంటే వీధికి అలారం అక్కర్లేదు. డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, గొంతే పేరైపోయింది. నేర్పే కారుకి రెండు బ్రేకులు పెట్టించిన మనిషి, నోటికి ఒక్కటీ పెట్టించుకోలేదు.

ఆ ఉదయం కాఫీ గ్లాసుతో ముందు గదిలోకి వచ్చేసరికి భార్య కుట్టుమిషను టకటకలాడుతోంది. బల్ల నిండా దూది కూరిన గుండ్రటి గుడ్డ బంతులు.

"ఏంటోయ్ ఇవి? పిల్లులకి దిళ్ళా?"

"రొమ్ము నమూనాలు నాన్నా," నేల మీద కూర్చుని బ్యానరుకి అక్షరాలు అతికిస్తున్న కూతురు తలెత్తకుండానే చెప్పింది. "మా కాలేజీలో క్యాన్సర్ అవగాహన క్యాంపు పెడుతున్నాంగా. ఒక్కోదాంట్లో ఒక పూస దాచమన్నాను. గడ్డని వేళ్ళతో ఎలా వెతకాలో అమ్మాయిలు వీటి మీద నేర్చుకుంటారు."

"భేష్! కాలేజీలో క్యాంపు, కొంపలో కంపు. అక్కడ పాలు మాడుతున్నాయి చూడండి!"

తన జోకుకి తనే ముందు నవ్వాడు. భార్య నవ్వకుండా వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది.

"నవ్వితే పన్ను కనిపిస్తుందేమో కానీ పన్ను కట్టక్కర్లేదోయ్!"

కూతురు ఒక నమూనా తీసుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళతో మెల్లగా నొక్కింది. పూస దొరికింది. ఇంకోటి తీసుకుంది. మరోటి. చివరిదాని మీద వేళ్ళు ఆగిపోయాయి.

"అమ్మా, ఒక్కోదాంట్లో ఒక్కో చోట పెట్టమన్నానుగా? అన్నిట్లోనూ పైన, చంక వైపే ఉందేంటి?"

"చెయ్యి అటే పోయిందే. ఇటివ్వు, విప్పి కుడతాను."

చొక్కా బొత్తాన్ని నూలుపోగంత కూడా పక్కకి జరగనివ్వని చెయ్యి అది. కూతురు లేచి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నీ చెయ్యి రోజూ అక్కడికే పోతోందా అమ్మా?"

మిషను ఆగింది. మాస్టారి నోటిదాకా వచ్చిన జోకూ ఆగింది.

"ఎప్పట్నుంచి?" కూతురు అడిగింది.

"వానలు పడకముందు నుంచి."

"వానలు వెలిసి కూడా ఎన్నాళ్ళయింది! కాలేజీ మొత్తాన్ని పిలిచి 'దాచుకోకండి' అని నేను చెప్పబోతుంటే, మా అమ్మే దాచుకుంటుందా? నాకెందుకు చెప్పలేదు?"

"నీకు పరీక్షలు కదే. మీ నాన్నకి చెప్పాను."

"నాకా?" మాస్టారి గొంతు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చిన్నదైంది. "ఎప్పుడు చెప్పావ్?"

"మీరు అద్దం ముందున్నారు. 'ఏమండీ, ఇక్కడ గడ్డలా తగులుతోంది' అన్నాను. 'నాకు గడ్డం, నీకు గడ్డ, మొత్తానికి మనది గడ్డు కాలమోయ్' అన్నారు. నేనూ నవ్వేశాను. మళ్ళీ చెబుదామని వస్తే, ఆ జోకే ఫోన్లో ఎవరికో వినిపిస్తున్నారు."

మాస్టారికి అంతా గుర్తొచ్చింది. బాగా పేలిందని దాన్ని డ్రైవింగ్ స్కూల్లో కూడా వేశాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ మాట తనకి ఎవరు అందించారో, ఎందుకు అందించారో ఒక్కసారీ తట్టలేదు.

"కాస్త గట్టిగా చెప్పాల్సింది..." అన్నాడు నీళ్ళు నములుతూ.

"ఈ ఇంట్లో మీకంటే గట్టిగానా?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"క్యాంపు వాయిదా వేయిస్తాను," కూతురు ఫోన్ అందుకుంది.

"వేయించావంటే నేను ఆస్పత్రికే రాను," తల్లి కత్తెర పక్కన పెట్టి లేచింది. "నాలా నవ్వేసి ఊరుకున్నవాళ్ళు అక్కడ ఎంతమందో! మీ క్యాంపుకొచ్చే డాక్టరమ్మకే ఫోన్ చెయ్యి. నేనిప్పుడే వస్తున్నానని చెప్పు."

కారులో మాస్టారు పెదవి విప్పలేదు. ఆవిడకే భయమేసింది.

"ఏదో ఒకటి మాట్లాడండీ."

"నువ్వు మాట్లాడు. నేను వింటాను."

ఆవిడ మొదలుపెట్టింది. పచ్చ లైటు పడి, వెనక బళ్ళన్నీ హారన్లతో హోరెత్తిస్తున్నా, హారను మాస్టారికి భార్య గొంతు తప్ప ఏదీ వినిపించలేదు.

పరీక్షల్లో అది క్యాన్సరేనని తేలింది. "ఆలస్యం చేశారు, కానీ చెయ్యి దాటలేదు. నయం చేద్దాం," అంది డాక్టరమ్మ. ఆపరేషనుకి రోజు కూడా చెప్పేసింది.

క్యాంపు దానికంటే ముందే వచ్చింది. తీరా మొదలయ్యే వేళకి కాలేజీ మైకు మూగబోయింది. "మీ నాన్నగారున్నారుగా!" అన్నారు కూతురి స్నేహితులు. మాస్టారు మెట్టెక్కి నిలబడ్డాడు.

"ఇంట్లో ఎవరైనా వచ్చి 'ఇక్కడేదో తేడాగా ఉంది' అంటే, చేతిలో పని పక్కన పెట్టి వాళ్ళ పక్కన కూర్చోండి. నేను కూర్చోలేదు. జోకేశాను."

వెనక వరసదాకా వినిపించింది. దిగి, తిన్నగా వెళ్ళి నమూనాలు పరిచిన భార్య బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆవిడ నమూనాలన్నీ విప్పి, పూసలు తలో చోట పెట్టి మళ్ళీ కుట్టింది. ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఒకమ్మాయి దాన్నే తీసుకుని కళ్ళు మూసుకుంది. వేళ్ళు పైకి పాకి, చంక వైపు ఆగాయి.

"ఆంటీ, దొరికింది!" అని చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది.

"భయమెందుకమ్మా? దొరికింది కాబట్టే పనిపట్టొచ్చు," అందావిడ. "ఇది నాది. వచ్చేవారం తీయించేస్తున్నా."

ఆ అమ్మాయి చెయ్యి మళ్ళీ ముందుకొచ్చింది. మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమండీ," భార్య ఆయన వైపు వంగింది, "మరీ ఇంత నిశ్శబ్దమైతే తట్టుకోలేను. ఒక జోకు వెయ్యండి."

"ముందు నువ్వు చెప్పేదంతా అయిపోనీవోయ్," అన్నాడాయన, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటూ.